రెండు ముళ్లు, ఒక మాట

దయ్యాల గురించి ఎవరైనా మొదలుపెడితే నేను మూడు ప్రశ్నలు అడిగేవాణ్ని. ఎంత దూరంలో కనిపించింది? ఎంతసేపు ఉంది? పక్కన ఇంకెవరున్నారు? మూడింటికీ సరైన జవాబు చెప్పినవాడు ఒక్కడూ తగల్లేదు. అందుకే నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్న సంగతికి మాత్రం ఆ మూడు ప్రశ్నలకూ నా దగ్గర జవాబులున్నాయి. నన్ను ఇబ్బంది పెడుతున్నది అదే.

కర్ణాటకలోని చింతామణిలో నాకు తూకం యంత్రాలు బాగుచేసే అంగడి ఉంది. టమాట మండీల పెద్ద కాటాల నుంచి బంగారు అంగళ్ల చిన్న త్రాసుల దాకా అన్నీ నా చేతికి వస్తాయి. చదివింది ఎస్సెస్సెల్సీ వరకే. మిగిలిన లెక్కలన్నీ పాత పుస్తకాలు ముందర పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. దేన్నైనా కొలిచి, పుస్తకంలో రాసి, ఇంకోసారి కొలిచి సరిచూస్తే గాని నా మనసు ఒప్పుకోదు. ఊరికే కూర్చున్నా ఏదో ఒకటి లెక్కపెడుతూ ఉంటాను. మెట్లు, బస్సులు, ఎదుటివాళ్లు తినే ముద్దలు. అది చెడ్డ అలవాటని నా భార్య పద్మ చాలాసార్లు చెప్పింది.

ఇది జరిగింది రెండువేల ఆరులో. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు.

మా అమ్మది బాగేపల్లిలో గుడి సేవ చేసే కుటుంబం. బాగా పాడేదట. నాకు ఏడాది నిండిన రోజుల్లో బెంగళూరు నుంచి రికార్డు కంపెనీవాళ్లు వచ్చి ఆమెను పిలిపించుకుని ఒక హారతి పాట పాడించారు. మాదిరికి ఒకే ఒక రికార్డు చేసి పంపారు. ఎందుకో అది అంగళ్లలోకి రాలేదు. అన్నం తినే పళ్లెం కన్నా చిన్నది, నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరిగేది. రెండో వైపు ఖాళీ. మా అమ్మ గొంతు ఈ లోకంలో మిగిలింది దాని మీద ఒక్కటే.

నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది. నాయన అంతకుముందే పోయాడు. నన్ను పెంచింది అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ. అప్పుడు ఆమెకు ఇరవై రెండు. గూళూరులో కుదిరిన సంబంధాన్ని నా కోసం వదులుకుందని పెద్దయ్యాక వేరేవాళ్లు చెబితే తెలిసింది. ఆమె నోట ఎప్పుడూ ఆ మాట రాలేదు.

నా చిన్నప్పుడు చిన్నమ్మ ప్రతి శుక్రవారం ఆ రికార్డు వేసేది. మా మేనమామ ఇచ్చిన పాత యంత్రం, దానికి మొద్దు ముల్లు. నాకు పదేళ్లప్పుడు అది చెడిపోయింది. అప్పటికి ఆ పాట కొన్ని వందలసార్లు విని ఉంటాం. పాట తర్వాత ఏ మాటా లేదు. ఇది ముఖ్యం కాబట్టి ముందే రాస్తున్నాను.

రెండువేల ఆరులో చిన్నమ్మ చెవులు పోవడం మొదలైంది. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది ఇంకొన్ని నెలలు పనిచేస్తుందని చిక్కబళ్లాపురంలో చెవుల డాక్టరు చెప్పాడు. గట్టిగా చప్పుడు చేస్తే వినిపిస్తుంది కానీ ఆ చప్పుడులో మాటను విడదీసుకోలేదు. చెవిలో పెట్టుకునే మిషను పెడితే తల తిరుగుతోందని తీసేసింది.

"పోతే పోనీలే రా. అక్క పాట ఒక్కసారి ఇంటే చాలు," అంది బస్సులో తిరిగి వచ్చేటప్పుడు.

అప్పుడు నాకు శ్రీకంఠయ్యగారు గుర్తొచ్చారు. చిక్కబళ్లాపురంలో ఉండే రిటైరైన ఇంజనీరు. ఆయన దగ్గరున్న ఒక పాత త్రాసును నేను బాగుచేసి ఇచ్చాను. ఆయనకు రికార్డుల పిచ్చి. ఒక గది నిండా యంత్రాలే. సంగతి చెబితే తన దగ్గర పక్కన పడి ఉన్న టర్న్‌టేబుల్, ఆంప్లిఫయరు, ఒక స్పీకరు పెట్టె నాకు ఇచ్చేశారు. కార్ట్రిడ్జి మాత్రం రెండు ఇచ్చారు. కార్ట్రిడ్జి అంటే రికార్డు మీదికి వాలే యంత్రం చేతి కొసన ఉండే చిన్న డబ్బా, దాని కిందే ముల్లు ఉంటుంది.

"రెంటిలో ఒకటి నీకు. ఇంకొకటి మైసూరులో నా స్నేహితునికి పోవాల. ఎనిమిది దినాలు పెట్టుకో. నీ చేతికిస్తే బరువు చెప్తావు గానీ పాట చెప్పవు. ఈసారన్నా చెవి పెట్టి తేల్చప్పా," అన్నారాయన.

మొదటిది లోపల అయస్కాంతం కదిలే రకం. ముల్లు కొంచెం లావు. గట్టిది, అరిగితే ముల్లు ఒక్కటే మార్చుకోవచ్చు. రెండోది లోపల సన్న తీగచుట్ట కదిలే రకం. దాని శబ్దం చాలా చిన్నది కాబట్టి మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె తగిలించాలి. దాని వజ్రాన్ని ఉలి అంచులా చెక్కారు. మొద్దు ముళ్లు గాడి పైభాగాన్ని అరగదీస్తాయి. ఈ సన్న ముల్లు అంతకంటే కిందికి దిగి, అరగని గోడను తాకుతుంది. శ్రీకంఠయ్యగారి గదిలో దాన్ని మించింది ఇంకొకటి లేదు.

మా వృత్తిలో త్రాసు నడుమ ఊగేదాన్ని ముల్లు అంటాం. ఇంట్లో వీటికీ అదే పేరు పడింది. లావు ముల్లు, సన్న ముల్లు.

నాకు కావలసింది ఒక్కటే. చిన్నమ్మకు మిగిలిన ఆ అర చెవికి మా అమ్మ గొంతు స్పష్టంగా చేరాలి. అరిగిన రికార్డును ఎక్కువసార్లు ఆడించకూడదు. పన్నెండుసార్లకు మించకూడదని హద్దు పెట్టుకున్నాను. ఏ ముల్లుకు ఎంత బరువు పెట్టాలో నా మిల్లీగ్రాము రాళ్లతోనే తూచాను. లావుదానికి రెండు గ్రాములు, సన్నదానికి ఒకటీ ముప్పావు. కరెంటు నిలకడగా ఉండేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కాబట్టి ఆ వేళలోనే పెట్టుకున్నాను. రికార్డు పెట్టే పళ్లెం తిరిగే వేగాన్ని ట్యూబులైటు కింద గీతల కాగితం పెట్టి సరిచూశాను. మూడు చుట్లకు సరిగ్గా నాలుగు సెకన్లు.

"నన్ను ఇచ్చేటప్పుడు మా నాయన గూడా ఇన్ని లెక్కలు చూడలా. ఆ రెండు ముళ్లలో దేన్ని ఇంట్లోకి తెచ్చుకుంటారో బెరీన తేల్చండి," అంది పద్మ.

మొదటి రోజు లావు ముల్లుతో మూడుసార్లు వేశాను. పాట ఉంది. దాని మీద వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టు చిటపట. నాకే మాటలు సరిగా అందలేదు. చిన్నమ్మకు ఏం అందుతుంది?

తర్వాత సన్న ముల్లు పెట్టాను. చిటపట పోయింది. పాటకు ముందు అమ్మ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ముప్పై ఆరేళ్ల తర్వాత ఆ గొంతు విన్నాను. కాసేపు పుస్తకం మీద ఏమీ రాయలేకపోయాను.

పాట ముగిసింది. ముల్లు ఖాళీ గాడిలో తిరుగుతోంది. యంత్రం చెయ్యి ఎత్తబోతుండగా ఒక మాట వినిపించింది. పాట పాడిన గొంతే, కానీ పాడటం కాదు. మెల్లగా, దగ్గరగా.

"సాకు."

మా పక్క అన్నం వడ్డించేటప్పుడు ఇక చాలు అనడానికి సాకు అంటాం. అది కన్నడం. మా తెలుగులో సాకు అంటే బిడ్డను పెంచు అని. ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడే మాకు రెండూ ఒకే మాట. ఎవరితో అన్నారో చూసి అర్థం చేసుకోవాలి. రికార్డు చేసేవాళ్లతో అమ్మ "చాలు, ఆపండి" అని కన్నడంలో అని ఉంటుందనుకున్నాను. ఇన్నాళ్లు అరిగిన గాడి చప్పుడులో అది మునిగిపోయింది, సన్న ముల్లు పైకి తీసింది. అంతే. సంతోషంగా పుస్తకంలో రాసుకున్నాను. రికార్డు లేబులు మీద సుద్దముక్కతో పెట్టిన గుర్తును బట్టి, పాట అయ్యాక ఎనిమిదో చుట్టు.

చిన్నమ్మకు అప్పుడే చెప్పలేదు. ముల్లు తేల్చుకున్నాక కూర్చోబెట్టి వినిపించాలని అనుకున్నాను. ఆమె నడి ఇంట్లో చిక్కుడుకాయలు వలుస్తూ ఉండింది.

రెండో రోజు సన్న ముల్లుతోనే, బరువు కొద్దిగా మార్చి రెండుసార్లు వేశాను. మాట ఏడో చుట్టులో వచ్చింది. రెండోసారి ఆరో చుట్టులో.

లెక్క తప్పాననుకున్నాను. నేను లెక్క తప్పడం అరుదు.

మూడో రోజు పద్మను పిలిచి, ఏ మాటా చెప్పకుండా, సుద్ద గుర్తు తన ముందుకు వచ్చినప్పుడల్లా వేళ్లు మడవమన్నాను. ఏదైనా వినిపిస్తే ఆగమన్నాను. మొదటిసారి ఆమె ఐదు వేళ్ల దగ్గర ఆగింది. రెండోసారి నాలుగు.

"ఎవరండీ అది?" అంది. "యాడ నుంచి మాట్లాడింది?"

రికార్డులో ఉండే మాట అని చెప్పాను. రికార్డులో ఉండే మాట ఉన్న చోటు మారదని ఆమెకు తెలుసు. వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ముగ్గురం సంగటి తింటున్నాం. చిన్నమ్మ పళ్లెం ముందర కూర్చుంటే పదునాలుగు ముద్దలు తింటుంది. ఏళ్ల తరబడి అంతే. ఆ రోజు నాలుగు ముద్దలు తిని, చెయ్యి పళ్లేనికి అడ్డం పెట్టి "సాకు" అంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా లోపల ఊరికే నడిచే లెక్క వెనక్కి వెళ్లింది. మొదటి రోజు రాత్రి ఎనిమిది. నిన్న ఆరు. ఇవాళ నాలుగు. రోజూ ఆఖరుసారి మాట ఏ చుట్టులో వచ్చిందో అన్ని ముద్దలు.

నాలుగో రోజు యంత్రం ముట్టుకోలేదు. చిన్నమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ, షుగరు, కడుపు అన్నీ బాగున్నాయన్నాడు. రాత్రి నాలుగు ముద్దలే తింది. తగ్గలేదు, పెరగలేదు.

ఐదో రోజు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఒక త్రాసు అబద్ధం చెబుతోందా లేదా తేలాలంటే దాని మీద ఇంకో రాయి పెట్టి చూస్తాం. నేను అదే చేశాను. సన్న ముల్లుతో రెండుసార్లు వేశాను. మూడు, రెండు. రాత్రి చిన్నమ్మ రెండు ముద్దలు తిని చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ పూట పద్మ నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. "మీ లెక్క తేలింది కదా. ఇంక ఆయమ్మను తూచబాకండి," అంది.

ఆరో రోజు యంత్రం మీద గుడ్డ కప్పేశాను. రెండు ముద్దలే. పాలు తాగమన్నా గుటక వేయలేకపోయింది. రవిక చేతులు వదులుగా వేలాడుతున్నాయి.

ఏడో రోజు మధ్యాహ్నం చిన్నమ్మ తనే లేచి వచ్చి యంత్రం ముందర పీట వేసుకుని కూర్చుంది.

"ఆ సన్న ముల్లు పెట్టు రా, అబ్బోడా."

ఏ రోజు ఏ ముల్లు పెట్టానో ఆమెకు నేను చెప్పలేదు. చెవి దగ్గర నోరు పెట్టి, నీకెట్లా తెలుసని గట్టిగా అడిగాను.

"నువ్వు దాన్ని పెట్టినప్పుడల్లా తెలుస్తాండాది. గొంతులో అడ్డం పడినట్ల అయితాది."

తర్వాత, నేను నలభై మూడేళ్లుగా వినని సంగతి ఒకటి చెప్పింది.

"ఆసుపత్రిలో ఆఖరి దినం. నర్సమ్మ చెంచాతో అక్క నోట్లో నీళ్లు పోస్తాండె. ఆయమ్మకు కన్నడం తప్ప రాదు. నేను నిన్ను సంకలో ఎత్తుకోని ఈ పక్క నిలబడి ఉంటి. అక్క కండ్లు తెరిచి 'సాకు' అనె. ఒకే మాట. నర్సమ్మ చెంచా తీసేసె. నేను 'సరే అక్కా' అంటి. ఇంగ కండ్లు తెరవలా."

కొంగుతో మూతి తుడుచుకుంది.

"నీళ్లు చాలు అని ఆయమ్మతో అనెనో, నిన్ను సాకమని నాతో అనెనో, నాకు ఈ పొద్దుటికీ తెలీదు రా. గూళూరోళ్లకు వద్దని చెప్పి పంపిస్తి. నిన్ను పెంచినందుకు నాకు బాధ లేదు. కానీ అడగని పని చేసినానేమో అని ఒక ముల్లు ఉండిపోయె. అక్క గొంతు ఇంటే తెలుస్తాదేమో."

రికార్డులో ఒక మాట ఉందని నేను గానీ పద్మ గానీ ఆమెకు చెప్పలేదు. ఈ సంగతి పద్మను ఎన్నిసార్లు అడిగి సరిచూసుకున్నానో లెక్క లేదు.

సన్న ముల్లు పెడితే మాట ఒకటో చుట్టులో వస్తుంది. రాత్రికి ఒక ముద్ద. ఆ తర్వాత ఇంకోసారి వేస్తే ఏమవుతుందో లెక్క వేయాల్సిన పని లేదు. పెట్టకపోతే ఆమె జీవితమంతా మోసిన ప్రశ్నకు జవాబు లేకుండా పోతుంది. ఇంకో నెలకు ఆ చెవి కూడా ఉండదు.

ఆమెకు వీపు అడ్డం పెట్టి లావు ముల్లు బిగించాను. ఎనిమిది రోజులు కొలిచి తేల్చాల్సిన ఎంపిక అలా అర నిమిషంలో అయిపోయింది. ఆ ముల్లుతో నేను అప్పటికి మూడుసార్లు వేశాను. ఒక్కసారీ ఆ మాట వినిపించలేదు. పాట చాలు, మాట వద్దు అనుకున్నాను. నా జీవితంలో చిన్నమ్మకు చెప్పిన పెద్ద అబద్ధం అదే.

పాట మొదలైంది. చిటపట అంతే ఉంది. చిన్నమ్మ స్పీకరు పెట్టె మీద రెండు అరచేతులూ ఆనించి, ఎడమ చెవి చెక్కకు ఆన్చింది. పాట అంతసేపూ కదల్లేదు. పద్మ గడప దగ్గర నిలబడి ఉంది.

పాట ముగిసింది. సుద్ద గుర్తు నా ముందునుంచి మొదటిసారి వెళ్లింది. నాకు చిటపట తప్ప ఏమీ వినిపించలేదు. పద్మకూ వినిపించలేదు.

ఆ చుట్టు పూర్తి కాకముందే చిన్నమ్మ తల ఊపింది.

"ఊఁ, అక్కా," అంది. "వాణ్ని సాకినా."

యంత్రం చెయ్యి ఎత్తేశాను. చిన్నమ్మ పెట్టె మీది నుంచి చేతులు తీసి, మోకాళ్లు పట్టుకుని లేచి, మొహం కడుక్కోవడానికి వెళ్లింది. ఏం వినిపించిందని తర్వాత అడిగాను.

"నాతో చెప్పిన మాట నీకెందుకు రా?" అని నవ్వింది.

ఆ రాత్రి పదునాలుగు ముద్దలు తింది. పద్మ ఇంకొంచెం సంగటి తెస్తే చెయ్యి అడ్డం పెట్టి "చాలు తల్లీ" అంది. నేనూ పద్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఇంకో మూడేళ్లు బతికింది. ఆ మూడేళ్లలో ఎప్పుడూ పళ్లెం ముందర ఆమె నోట సాకు అన్న మాట రాలేదు. చాలు అనే అనేది.

ఎనిమిదో రోజు సన్న ముల్లు, రికార్డు, నా పుస్తకం తీసుకుని చిక్కబళ్లాపురం వెళ్లాను. శ్రీకంఠయ్యగారు నేను చెప్పిందంతా నవ్వకుండా విన్నారు. తన యంత్రానికి సన్న ముల్లు తగిలించి రికార్డు వేశారు. నేను వద్దనేలోపే వేసేశారు. పాట అద్దంలా ఉంది. పాట తర్వాత ఖాళీ గాడిలో ఏ మాటా లేదు. ఆయనకూ లేదు, నాకూ లేదు.

తర్వాత భూతద్దం పెట్టుకుని రికార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. చాలాసేపు చూశారు.

"ఎన్నో చుట్టులో మొదట ఇనపడింది అన్నావప్పా?"

"ఎనిమిదో చుట్టు సార్."

"దీంట్లో పాట అయినంక ఉండేది నాలుగే చుట్లు. నువ్వే చూడు."

చూశాను. మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగే. ఆ తర్వాత ముల్లు మూసిన గాడిలో పడుతుంది. అక్కడ ఉన్న చోటే తిరుగుతూ ఉంటుంది. అందులో మాట ఉంటే ప్రతి చుట్టుకూ మళ్లీ మళ్లీ వినిపించాలి. మేం విన్నది ప్రతిసారీ ఒక్కసారే. నేను సుద్ద గుర్తునే చూశాను, చెయ్యి లోపలికి జరుగుతోందా లేదా చూడలేదు. గాడిలో చుట్లు ముందే లెక్కపెట్టి ఉండాల్సింది. నా వృత్తిలో ఇంత పెద్ద తప్పు నేను ఇంకెప్పుడూ చేయలేదు.

"లెక్క తప్పు అయింటే తిద్దొచ్చు," అన్నారాయన రికార్డును కవరులో పెట్టి నా చేతికిస్తూ. "ఈ లెక్కకు నిలబడేదానికి చోటే లేదు కదప్పా."

సన్న ముల్లు మైసూరు వెళ్లిపోయింది. లావు ముల్లు నా దగ్గరే ఉంది. బాగా పనిచేస్తుంది. దానితో వేరే రికార్డులు వింటాను.

ఆ పుస్తకం ఇప్పుడు నా ముందర ఉంది. ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు. వాటి ఎదురుగా సన్న ముల్లు అని ఉంది. ఒకటి ఎదురుగా లావు ముల్లు అని రాసి, విన్నది చిన్నమ్మ మాత్రమే అని రాశాను. శ్రీకంఠయ్యగారి ఇంట్లో వేసినదానికి ఎదురుగా గీత పెట్టాను. ఆ మాట చిన్నమ్మ కోసం, ఆమె ఆ ఇంట్లో లేదు కాబట్టి రాలేదనుకుంటాను. ఇది లెక్క కాదు, నా ఊహ. పుస్తకంలో ఊహ రాయడం అదే మొదటిసారి.

కింద సున్నా అని ఒక వరస గీసి ఉంది. దాన్ని ఎప్పుడు గీశానో నాకు గుర్తు లేదు. దస్తూరి నాదే.

చిన్నమ్మ పోయాక ఆ రికార్డును వేయలేదు. మా అమ్మతో మాట్లాడగలిగినవాళ్లలో ఇక మిగిలింది నేనొక్కణ్నే. ఆ ఒక్క మాట ఈసారి వస్తే, చిన్నమ్మ చెప్పినట్టు జవాబు చెప్పడానికి నేను ఎవరినీ సాకలేదు. మాకు పిల్లలు లేరు. కాబట్టి ఆ మాటకు నా విషయంలో మిగిలేది కన్నడం అర్థమే, ఇక చాలు అని.

ఇప్పుడు మా ఇంట్లో అన్నం దగ్గర ఇద్దరం చాలు అనే అంటాం. అలా అనుకుని మొదలుపెట్టలేదు. ఎందుకని పద్మ నన్ను అడగదు, నేను ఆమెను అడగను.